ఎర్ర నూలు కట్ట

నేను పుట్టు పిరికిదాన్ని. పైకప్పు మీంచి బల్లి పడుతుందేమోనని చిన్నప్పుడు తలకు తువ్వాలు చుట్టుకుని పడుకునేదాన్నట. మా అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ ముచ్చట చెప్పి నవ్విస్తుంది. అలాంటిదాన్ని, మా ఊరు నెమిలిలో నాన్న అంగడి వెనక గదిలో కూర్చుని చదువుకుని, లైబ్రరీ సైన్సులో పట్టా పుచ్చుకుని, గుడియాత్తంలో ఉద్యోగం దొరికిందని ఎగిరి గంతేసి వచ్చి రాజాంబాళమ్మ చేతికింద పడ్డాను. ఆ తరువాత బల్లుల సంగతి నాకు గుర్తే రాలేదు.

వేలూరులో ఉండే ఒక ట్రస్టు నడిపే లైబ్రరీ అది. బజారు వెనక వీధిలో పాత పెంకుటిల్లు. వసారాలో పేపరు చదివేవాళ్ల బల్లలు, లోపలి హాలులో పుస్తకాల ర్యాకులు. రాజాంబాళమ్మ వయసులో ఉన్నప్పుడే అందులో చేరింది, జనవరిలో రిటైరు కావాలి. అంతవరకూ ఆమె దగ్గర పని నేర్చుకుని, ఆ తరువాత ఆ కుర్చీలో కూర్చోవాల్సినదాన్ని నేను. ఈలోగా నా పని నచ్చకపోతే పెట్టె సర్దుకుని నెమిలి బస్సెక్కాలి. ఊళ్లో ఒంటరి ఆడపిల్లకు గది ఎవరిస్తారని ఆమే నన్ను తన ఇంట్లో పెట్టుకుంది. ముందు గదిలో ఆమె భర్త నటేశన్ గారి గుంట మగ్గం. పొద్దస్తమానం లుంగీలు నేస్తూ ఉండే మెత్తని మనిషి. పిల్లలు లేరు.

ఆమెకు కుర్చీ జానెడు జరిగినా కోపమే. చదివేవాళ్లు లేచిపోతూ స్టూలు బల్ల కిందికి తొయ్యకపోతే, పెద్దా చిన్నా చూడకుండా వీధి మలుపు నుంచైనా వెనక్కి పిలిపించి తోయించేది. తడి గొడుగు దారిలో పెట్టినందుకు ఒక బ్యాంకు మేనేజరు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడడం నేను కళ్లారా చూశాను. ఇంట్లోనూ అదే తంతు. చెంబు ఉన్నచోటే ఉండాలి, చెప్పులు గోడ వారనే ఉండాలి. చేరిన కొత్తలో బకెట్టును గుమ్మం దగ్గర వదిలేశానని పిలిచి, "వస్తువుకు ఒక ఇల్లు ఉండాది పాపా, దాని ఇంట్లో దాన్ని పెట్టు" అంది. ఆ మాటలో అరుపు లేదు, అయినా నాకు అన్నం సయించలేదు. అనుభవమున్న లైబ్రేరియన్లు ఇలాగే ఉంటారు కాబోలు, నేనూ ఇలాగే తయారవ్వాలి కాబోలు అనుకుని హడలి చచ్చేదాన్ని.

ఆ ఏడు దీపావళి రాకముందే వానలు పట్టుకున్నాయి. కౌండిన్య ఏట్లో నీళ్లు వచ్చాయని జనం గుంపులు గుంపులుగా వంతెన మీదికి పోయి చూసి వచ్చారు. ఒక పొద్దున లైబ్రరీ తలుపు తీసేసరికి పడమటి గోడ పొడుగునా నీళ్లు కారుతున్నాయి. రాజాంబాళమ్మ రావడానికి ఇంకా కొంచెం పొద్దుంది. నేనూ ఊడ్చే ఆవిడా కలిసి గోడ వారనున్న ర్యాకులను అష్టకష్టాలు పడి హాలు మధ్యకు లాగాం. మొదటిసారి ఆమె నోట మంచి మాట వింటానని ఆశపడుతూ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆమె రోజూ వచ్చినట్టే తల పైకెత్తి, చకచకా నడుచుకుంటూ లోపలికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే నిండుగా పుస్తకాలున్న ర్యాకుకు ముఖం కొట్టుకుంది. కళ్లజోడు ఎగిరి పడింది. కనుబొమ పగిలి నెత్తురు చెంప మీదికి జారింది. తిడుతుందనుకుని నేను వెనక్కి తగ్గాను, కానీ ఆమె తిట్టలేదు. రెండు చేతులతో ర్యాకు అంచును తడుముతూ, "ఈడ ఏముండాది? ఎవురున్నారు ఈడ?" అంది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఎదురుగానే నిలబడి ఉన్నాను, నేనని ఆమెకు తెలియలేదు.

ఊడ్చే ఆవిడను పసుపు కోసం పంపించి, ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టాను. ఆమె చెప్పింది తక్కువే. ఎదురుగా ఉన్నది సన్నటి గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది, పక్కలూ కిందా లేవు. మబ్బు పడితే ఆ కాస్తా లేదు. మొదలై ఏళ్లయింది. ఏ వస్తువు ఎక్కడుందో ఒంటికి తెలుసు కాబట్టి, అవి అక్కడే ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదని అడిగితే, డాక్టరు చెప్పేస్తే అది నిజమైపోతుందని అంది. నాకు ఆ మాట అర్థమైంది. పిరికివాళ్లందరూ ఒకే బళ్లో చదువుకుంటారు.

"మాయమ్మకు ఇట్లనే అయ్యింది" అంది. "మగ్గం గుంట పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టినారు. కిందపడతాదని లెయ్యనియ్యలా. సచ్చేదాకా ఆడనే. పళ్లెం పెట్టేటప్పుడు తప్ప ఆయమ్మను పేరు పెట్టి పిలిచిందే లేదు ఎవురూ." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "జనవరి దాకా నన్ను నా కాళ్ల మీద నిలబడనీ పాపా. ఎవురికీ చెప్పనని ఒట్టెయ్. నీ కండ్ల మీద ఒట్టెయ్."

నాయనకు కూడా చెప్పకూడదా అని అడిగాను. నటేశన్ గారిని నేను నాయనా అనే పిలిచేదాన్ని. ఆయప్పకే ముందు చెప్పకూడదు అంది. నేను రెండు కళ్లూ మూసుకుని, రెప్పల మీద వేళ్లు పెట్టి ఒట్టు వేశాను. పిరికివాళ్లతో వేయించుకున్న ఒట్టు అంత గట్టిది ఇంకోటి ఉండదు. ఆ మాట జారితే నా కళ్లు కూడా పోతాయని నేను నిజంగానే నమ్మాను.

ఆ రోజు నుంచి మొదలైంది నా అసలు భయం. లైబ్రరీకి పోవాలంటే బస్సులు మలుపు తిరిగే రోడ్డు దాటాలి. ఆమె చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు, ఊరంతా చూస్తుందట. అందుకని నేను ఆమెకు అరడుగు ముందు నడుస్తూ గట్టిగా కబుర్లు చెప్పడం నేర్చుకున్నాను. "నిన్న మా నాన్న ఫోన్ చేసినాడమ్మా, ఈడ గుంత ఉండాది, అమ్మకు జలుబంట, మెట్టు దిగాల, కషాయం తాగమని చెప్పినా, ఎడం పక్కన సైకిలు." దారిలో విన్నవాళ్లు ఈ పిల్లకు కాస్త తిక్క అనుకుని ఉంటారు. ఇంట్లో ఆమె పొయ్యి దగ్గర నిలబడితే కొంగు ఎక్కడ అంటుకుంటుందోనని నేను వంటింటి గుమ్మంలోనే కాపలా కాసేదాన్ని. నటేశన్ గారు మగ్గం గుంటలోంచి తలెత్తి, ఈ పిల్లకు వంట మీద ఇంత ఆసక్తేమిటా అని నవ్వేవాడు.

కానీ ఆ వారాల్లోనే ఆమె నాకు పని నేర్పింది. ఒకటి మాత్రం చెబుతాను. గడప దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి పోయేవాళ్లు కొందరుంటారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు. వాళ్ల అడుగుల చప్పుడు ఆమె చెవికి నాకంటే ముందే తెలిసేది. "ఏం కావాలని అడగొద్దు" అని నెమ్మదిగా చెప్పేది. "అడిగితే రేపట్నుంచి రారు. ఒక బొమ్మల పుస్తకమేదన్నా వాకిలి పక్క బల్ల మీద మరిచిపోయినట్టు పెట్టి, నువ్వు ఈ పక్కకు తిరుక్కో." అలా నేను మరిచిపోయినట్టు పెట్టిన పుస్తకాన్ని ఒక ముసలామె రెండు రోజులు నిలబడి తిరగేసి, మూడో రోజు స్టూలు లాక్కుని కూర్చుంది. చూసి వచ్చి రాజాంబాళమ్మకు చెబితే, లేచేటప్పుడు స్టూలు లోపలికి తోసిందా అని అడిగింది. ఆమె మీద ఇష్టం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. భయం మాత్రం తగ్గలేదు. ముందు ఆమెను చూసి భయపడేదాన్ని, ఇప్పుడు ఆమె కోసం భయపడుతున్నాను, అంతే తేడా.

పడమటి గోడ వారన తడిసినవి మామూలు పుస్తకాలు కావు. ట్రస్టు పెట్టిన పెద్దాయన తెలుగువాడు. వాళ్లమ్మ చదువుకున్న తెలుగు పుస్తకాలన్నీ ఆ ర్యాకులోనే ఉండేవి. మా బజారులో తెలుగు మాట్లాడని అంగడి లేదు, నేతవాళ్ల ఇళ్లలోనూ తెలుగే. కానీ చదువులన్నీ తమిళంలో. ఆ గుండ్రటి అక్షరాలు రాజాంబాళమ్మకూ రావు, అప్పటికి నాకూ రావు. ఏటా ఆమె వాటి దుమ్ము దులిపి, వేపాకు పెట్టి, మళ్లీ ఉన్నచోటే పెట్టేది. అవి తడిశాయని తెలిసి వేలూరు నుంచి ట్రస్టు మేనేజరు జానకిరామన్ గారు ఫోన్ చేశారు. వాటిని వేలూరులో బైండరుకు పంపాలి, డిసెంబరులో పెద్దాయన జ్ఞాపకార్థం జరిగే సభకు కొత్త అట్టలతో, ఆ తల్లి పేరు బంగారు అక్షరాలతో సిద్ధం కావాలి. అలాగే మూలన పడున్న పాత పరీక్షల గైడులూ చిరిగిన రైల్వే టైంటేబుళ్లూ పాత కాగితాల అంగడికి వేసెయ్యాలి. ఈ రెండు పనులూ కొత్తగా చేరినవాళ్లే చెయ్యడం ట్రస్టు కట్టడి. అంటే నా నెత్తినే.

పుస్తకాలను విడదీసి, మరింత చెమ్మ తగలకుండా పేపర్లలో చుట్టి, కిటికీ పక్కన బైండరువీ తలుపు పక్కన పాత కాగితాలూ పేర్చాను. కట్టలు కట్టడం మాత్రం రాజాంబాళమ్మ హక్కు. నటేశన్ గారి మగ్గం దగ్గర మిగిలిన నూలు తెచ్చి కట్టేది. బైండరుకు పోయేవాటికి ముదురు నీలం నూలు, పాత కాగితాలకు ముదురు ఎర్ర నూలు. ఆటో అతనికి నోటితో చెప్పే పని లేదు. నీలం కట్ట వేలూరు బస్సుకి, ఎర్ర కట్ట పాత కాగితాల అంగడికి. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. దీపావళికి ఊరికి బయల్దేరుతూ, నేను కట్టేసి పోతానమ్మా అన్నాను. "ముడి నాది" అందామె. సరేనని బస్సెక్కాను.

పండగ వెళ్లిన వారానికి తిరిగొస్తూ, చట్నీకి పప్పులు తీసుకుందామని బజారులో సుబ్రమణ్యం శెట్టి అంగడి దగ్గర ఆగాను. ఆయన తెలుగు కలిపిన తమిళంలో మా నాన్న అంగడి యోగక్షేమాలు అడుగుతూ పొట్లం కట్టి ఇచ్చాడు. వంటింట్లో పప్పులు డబ్బాలో పోసి కాగితం నలిపేయబోతే గుండ్రటి అక్షరాలు కనిపించాయి. సాపుచేసి చూశాను. మూలన మా లైబ్రరీ ఊదారంగు ముద్ర.

ఊళ్లో ఇంకెక్కడా లేని అక్షరాలవి, వేరేచోటి నుంచి వచ్చిందని సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు. కాగితం తీసుకుపోయి రాజాంబాళమ్మ చేతిలో పెట్టి విషయం చెప్పాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసింది, వాసన చూసింది. తరువాత లేచి గూట్లోంచి నూలు కండెలు రెండు తీసింది. బయట మబ్బు, గదిలో కరెంటు లేదు. ఒకటి నా ముందుకు చాచి, "ఇది నీలమే కదా పాపా" అంది. ఆమె చేతిలో ఉన్నది ఎర్రది. నేను ఆ కండెను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాను. ఆమె ఇంక రెండోది చాచలేదు.

పాత కాగితాల అంగడికి పరిగెత్తాను. అంగడతను పాపం మంచివాడు, మిగిలినవాటిని ఒక గోనెసంచిలో వేసి ఇచ్చేశాడు. అట్టలు ఊడదీసి, పైనా కిందా అంచులు కోసేసిన విడి కాగితాలు. మిగతావి అప్పటికే బజారంతటా పొట్లాలకు పోయాయి. ఆ సాయంత్రమే వేలూరు నుంచి ఫోను వచ్చింది. బైండరు ఎంతో శ్రద్ధగా పదో తరగతి లెక్కల గైడులకు నల్ల క్యాలికో గుడ్డ అట్టలు వేసి, వాటి మీద పెద్దాయన తల్లి పేరు బంగారు అక్షరాల్లో అచ్చొత్తి ట్రస్టు ఆఫీసుకు పంపాడట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నేను స్నానాల గది తలుపు వేసుకుని ఏడ్చాను.

మరునాడు వానలోనే జానకిరామన్ గారు కారులో వచ్చారు. గొంతు పెంచని మనిషి, అరిచేవాళ్లకంటే అలాంటివాళ్లే నాకు ఎక్కువ భయం. బంగారు అక్షరాల గైడు ఒకటి బల్ల మీద పెట్టి, ఈ పని ఎవరి బాధ్యత అని తమిళంలో అడిగారు. నాదే అన్నాను. కట్టలు కట్టిందెవరని అడిగారు. నా చెయ్యి దానంతటదే కళ్ల మీదికి పోయింది. చెబితే నా కళ్లు, చెప్పకపోతే నా ఉద్యోగం. అది కాదు, చెబితే రాజాంబాళమ్మ వాళ్లమ్మలాగే ఆ గోడ పక్కన. ఆయన కాసేపు చూసి, ఈ నెలాఖరుతో నిన్ను ఇంటికి పంపించెయ్యక తప్పేలా లేదమ్మా అని చాలా మర్యాదగా అన్నారు. అప్పుడే నటేశన్ గారు భార్యకు గొడుగు ఇద్దామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వచ్చిన చప్పుడు ఆమెకు వినపడే ఉంటుంది.

రాజాంబాళమ్మ కుర్చీలోంచి లేచింది. తమిళంలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి జారిపోయింది.

"ఆ పాప ఊర్లోనే లేదు సార్. కట్టింది నేను. ఎరుపేదో నీలమేదో నాకు తెలీలా."

పెద్దవయసులో మతిమరుపు మామూలేనని ఏదో అనబోయారు ఆయన.

"మరిచిపోయింది కాదు సార్. కనపడలా. చానా నాళ్లుగా కనపడదు."

లైబ్రరీ ఎన్ని గంటలకు తెరుస్తారో చెప్పినట్టు చెప్పింది. చెప్పి, కూర్చునే ముందు చేత్తో కుర్చీ ఎక్కడుందో చూసుకుంది. అందరి ముందూ అలా చెయ్యడం అదే మొదలు. వసారాలో పేపర్లు చదివేవాళ్లు తలలు దించుకున్నారు. నటేశన్ గారు చేతిలోని గొడుగును తెరిచి, ముడిచి, మళ్లీ తెరిచాడు. "నాక్కూడా చెప్పకూడదా?" అన్నాడు. ఆమె ఆ గొంతు వైపు ముఖం తిప్పింది కానీ, చూపు ఆయన పక్కనున్న గోడ మీద నిలిచింది. ఆయన గొడుగు గుమ్మానికి ఆనించి వానలోనే వెళ్లిపోయాడు.

జానకిరామన్ గారు బల్ల మీది గైడు తీసి చంకలో పెట్టుకున్నారు. రాజాంబాళమ్మను సెలవు పెట్టి కళ్లు చూపించుకోమన్నారు. నాతో, మిగిలిన కాగితాలనైనా వరస పెట్టి సభలోగా పంపు, తరువాత సంగతి తరువాత చూద్దాం అన్నారు. వేలూరులో తెలుగు చదివేవాళ్లు చేతికి దొరకరని, నీ తంటాలు నువ్వు పడమని కూడా అన్నారు. ఆ మధ్యాహ్నం ఇంటికి పోతే మగ్గం చప్పుడు లేదు. గడప దాటడానికే జంకాను.

వేలూరు పెద్దాసుపత్రికి ముగ్గురం కలిసి వెళ్లాం. కంటి డాక్టరమ్మ రకరకాల యంత్రాల ముందు కూర్చోబెట్టి చూసింది. లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలుపుకోవచ్చు అంది. ఇంకాస్త ముందే వచ్చుంటే అని మొదలుపెట్టి, ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయింది. తిరుగు బస్సులో నటేశన్ గారు భార్య చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు.

ఆ తరువాత జరిగింది నేను అన్నిటికంటే భయపడింది. ఎవరూ ఆమెను కూర్చోమని చెప్పలేదు. నటేశన్ గారు పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు, కాలుతుందని. పెరట్లోకి పోనివ్వలేదు, పాచి ఉందని. ప్రేమతోనే అన్నాడు, భయంతోనే అన్నాడు. ఆమె వాదించలేదు. మగ్గం గుంట పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చుంది. పొద్దున నేను లైబ్రరీకి పోతూ చూస్తే అక్కడే, సాయంత్రం వస్తే అక్కడే. పళ్లెం ఆమె ముందు పెట్టిన ప్రతిసారీ వాళ్లమ్మ సంగతే గుర్తొచ్చేది. చెంబు దాని ఇంట్లో లేకపోయినా ఆమె ఏమీ అనేది కాదు. తిట్టమ్మా, ఒక్కసారి తిట్టు అని అడగాలనిపించేది, అడగడానికి ధైర్యం చాల్లేదు.

గోనెసంచి ఇంటికి తెచ్చుకున్నాను. చదివేవాళ్ల కోసం బజారంతా వెతికాను, తెలుగులో గలగలా మాట్లాడి, కాగితం చూపించగానే తల అడ్డంగా ఊపారందరూ. చివరికి ఫోనులో చిన్నపిల్లల వీడియోలు పెట్టుకుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. పేజీ నెంబర్లు అంచులతో పాటే కోసుకుపోయాయి కాబట్టి, చదివితే తప్ప ఏది దేని తరువాతిదో తెలియదు. లైబ్రరీ మూశాక మగ్గం గదిలో చాప మీద కాగితాలు పరుచుకుని, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ కూడబలుక్కునేదాన్ని. తడబడి తడబడి నేను పలికినవి నాకే మాటలుగా అతుకుపడేవి కావు.

మొదట్లో ఆమె విననట్టే ఉండేది. ఒక సాయంత్రం "గా... దె... లో..." అని లాగుతూ నేను నానా యాతన పడుతుంటే, గోడ పక్కనుంచి విసుగ్గా, "గాదెలో. వడ్లు పోసే గాదె. గాదెలో దాచిపెట్టింది అని ఉంటాది చూడు" అంది. చూశాను. అలాగే ఉంది. ఇంకో వాక్యం చదివాను, సగం పలికేసరికి ఆమె మిగతాది అందించింది. రెండు కాగితాలు పక్కపక్కన చదివితే, ఇది దాని తరువాతిది కాదు, ఇంకోటి తియ్యి అనేది. నాకు అక్షరాలొచ్చాయి, మాటలన్నీ ఆమె దగ్గరున్నాయి. ఇన్నేండ్లు దుమ్ము దులిపినా, లోపల ఇంత ఉండాదని ఎవురికి తెలుసు అని తనలో తనే అనుకుంది.

అది ఒక ఇల్లాలి కథ. మొగుడు ఊరికి పోయినప్పుడు, ఊరివాళ్లు తరుముకొస్తున్న ఒక మనిషి జ్వరంతో వచ్చి గుమ్మంలో పడతాడు. ఆమె జాలిపడి అతన్ని గాదెలో దాస్తుంది. ఊరివాళ్లు వచ్చి పోతారు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపు తలుపు చప్పుడవుతుంది, బయట మొగుడి దగ్గు వినిపిస్తుంది. రాజాంబాళమ్మ గోడ వదిలి నా వైపుకు జరిగింది. "ఆపొద్దు" అంది. నేను వేలు పెట్టి చదివాను. "ఆమె గడియ తీసింది. తలుపు తీసి చూస్తే..."

కాగితం అయిపోయింది. తరువాతిది చాప మీద లేదు. సంచి బోర్లించాను, అందులోనూ లేదు.

"తరువాత?" అంది.

"లేదమ్మా. అంగట్లోకి పోయినట్టుండాది."

మగ్గం ఆగి చాలాసేపయిందని అప్పుడు గమనించాను. నటేశన్ గారు గుంటలో కూర్చునే, మెడ చాచి, "అయితే గాదె తీసి చూసినాడా లేదా ఆయప్ప?" అని అడిగాడు. ఎవరి ఇంట్లోనో ఆ కాగితం పప్పులకో బెల్లానికో చుట్టి ఉంటుంది, రేపో మాపో పొయ్యిలోకి పోతుంది.

రాజాంబాళమ్మ గోడకు అరచెయ్యి ఆనించి లేచింది. "పద పాపా."

యాడికమ్మా అన్నాను. బజారుకు అంది. ఇంకా పొద్దు కుంకలేదు, వాన వెలిసి వీధి నిండా జనం. నటేశన్ గారు నూలు వదిలి గుంటలోంచి పైకి రాబోయాడు, జారతాది, కిందపడతావు అన్నాడు. "పడితే ఆ పాప లేపతాది" అని చెప్పి ఆమె చెప్పులకోసం గోడ వార కాలు చాచింది.

వీధిలోకి దిగగానే ఆమె చెయ్యి ఎత్తి నా భుజం మీద పెట్టింది. ఆ చెయ్యి బరువుకు నేను ఒక్క క్షణం కదల్లేకపోయాను. కబుర్లలో దాచి చెప్పే పని ఇక లేదు. గుంత అన్నాను, మెట్టు అన్నాను, అంతే. అరుగుల మీదివాళ్లు మాటలు ఆపి చూశారు. ఎవరో అయ్యో అన్నారు. బస్సు హారను మోగినప్పుడల్లా ఆమె వేళ్లు నా భుజంలోకి దిగబడేవి, నాకు ఏడుపొచ్చేది, అయినా ఇద్దరం నడిచాం.

సుబ్రమణ్యం శెట్టి అంగడి ముందు బేరాల వేళ జనం కిటకిటలాడుతున్నారు. ఆమెను చూసి దారి వదిలారు. ఆమె గల్లాపెట్టె ఉంటుందని తెలిసిన వైపుకు ముఖం తిప్పి, లైబ్రరీలో అందరినీ హడలగొట్టే ఆ పాత గొంతుతోనే మాట్లాడింది.

"సుబ్రమణ్యం, నాకు కండ్లు కనపడవు. నువ్వు పొట్లాలు కట్టిన కాగితాలు మా లైబ్రరీవి. గుండ్రం అక్షరాలవి ఎవురింట్లో ఉన్నా పారెయ్యకుండా తెచ్చియ్యమని వచ్చినవాళ్లందరికీ చెప్పు. చింపితే ఊరుకోను."

శెట్టి లేచి నిలబడి, సరి అమ్మా అన్నాడు. ఆమె నా భుజం మీది చెయ్యి ఇంకా తియ్యలేదు. ఇంటికి పోదామా అని చెవి దగ్గర అడిగాను.

"పక్క అంగడి ఎవురిది?" అంది.